జోళ్లెట్టండీ

ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ వినిపించుకోలేదు. మా ప్రయోగశాల చరిత్ర రాసినవారు సింహాచలం పేరే ఎత్తలేదు. అడిగితే, పాత గొడవలెందుకన్నారు. అందుకే నర్సీపట్నంలో కూర్చుని నేనే రాస్తున్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు నన్ను ప్లాస్మా విభాగంలో సైంటిఫిక్ ఆఫీసరుగా వేశారు. పని, ప్లాస్మాలోని అయస్కాంత క్షేత్రాన్ని కొలవడం. ప్లాస్మా అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయేంతగా కాగిన వాయువు. లోపల తీగ పెడితే కాలిపోతుంది. అందుకని రూబీ లేజర్ వెలుగు పంపి, ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిన కాస్త వెలుగును పట్టుకుంటాం. ఎలక్ట్రాన్లు క్షేత్రరేఖల చుట్టూ తిరుగుతాయి కాబట్టి, సరైన కోణంలో చూస్తే ఆ వెలుగు వర్ణపటం దువ్వెన పళ్లలా విడిపోతుంది. పళ్ల ఎడం క్షేత్రబలాన్ని, అవి కనిపించిన కోణం దాని దిశను చెబుతాయి. లేజర్ వెలుగును దారి మళ్లించే మిర్రర్ వెంట్రుకవాసి జరిగినా పళ్లు మాయం.

మిర్రర్ సర్దేది టెక్నీషియన్ సింహాచలం, మా నర్సీపట్నం పక్కనున్న గొలుగొండ మనిషి. సర్దడానికి ఇంకో చిన్న లేజర్ ఎర్రచుక్కను చూడాలి. రూబీ నుంచి కాపాడే కళ్లజోడు ఎరుపునంతా ఆపేస్తుంది. పెట్టుకుంటే చుక్క కనిపించదు. అందుకని జోడు నుదుటి మీదికి ఎత్తి సర్ది, తిరిగి దించుకుని, "జోళ్లెట్టండీ!" అని కేకేసేవాడు. ఆ కేక వినబడ్డాకే రూబీ లేజర్ మీట నొక్కేవాళ్లం.

మా పని చూడ్డానికి కమిటీ వస్తోందనగా మా విభాగాధిపతికి ఆ కేక నామోషీ అయింది.

"జోళ్లేమిటయ్యా? ఇది లేబొరేటరీనా, చెప్పుల కొట్టా?"

కేక మాన్పించి, దాని బదులు మీట నొక్కేముందు వెలిగే ఎర్రబల్బు పెట్టించారు. మిర్రర్ మీదికి వంగినవాడికి బల్బు వీపు వెనక ఉంటుందన్నాను. "మీ జిల్లావాళ్లకి అరవందే పని జరగదా?" అన్నారు. ఆ మాట నేను మరవలేదు.

కమిటీ ముందు లేజర్ పేల్చిన మొదటి షాట్‌లో పళ్లు రాలేదు. సింహాచలం జోడు ఎత్తి మిర్రర్ సర్దుతున్నాడు. విభాగాధిపతి బల్బు వెలిగించి తామే మీట నొక్కారు. ప్లాస్మా పాత్ర కిటికీ గాజుకు తగిలి ఎగిరిన వెలుగు సింహాచలం కుడికంట్లో పడింది.

"ఏటిది సార్... మజ్జిలో ఏటీ అవుపడ్డం లేదు."

ఆ షాట్‌లోనే పళ్లు శుభ్రంగా వచ్చాయి. ఆ గ్రాఫే నివేదికలో అచ్చయింది. విచారణలో మాత్రం టెక్నీషియన్ అజాగ్రత్త అని తేల్చారు. కేక సంగతి నేను చెప్పాను, వాళ్లు రాసుకోలేదు.

మొన్న సింహాచలం మా ఇంటికొచ్చాడు.

"ఇంకా ఆ గొడవేటండి బాబూ? కుడికన్నుతో సూస్తే మీ మొకం అవుపడదు. అదీ ఓ లాభవే." నవ్వి, మళ్లీ అన్నాడు: "ఒక్కటి రాయండి. కేకెయ్యడం నేను మర్సిపోలేదు. వద్దన్నారు."

నేను నేర్చుకున్నది ఇది: ఒక జాగ్రత్తను మాన్పించేటప్పుడు, మాన్పించినవారి పేరు అప్పుడే కాగితం మీద ఉండాలి. లేకపోతే తప్పు దెబ్బ తిన్నవాడిదవుతుంది. ఆ విభాగాధిపతి ఇంకా ఉన్నారు, ఇది చదువుతారు కూడా. అయ్యా, కేక వద్దన్నది తమరు కాదా? నాకు కాదు, సింహాచలానికి జవాబు చెప్పండి.