దుబాసీ హవల్దార్ ఆవిరి రొట్టెలు

చలికాలం మొదట్లో ఉత్తర సిక్కిం పోస్టుకు చేరాను. ఎత్తు పదిహేను వేల అడుగులు. అంతా రాయి, దాని మీద గట్టిపడ్డ మంచు. మధ్యాహ్నం మూడింటికల్లా గాలి లేచేది. బంకర్లో ఏడుగురం. ఒక కిరోసిన్ పొయ్యి, ఒక రేడియో సెట్టు. మొదటి రెండు రోజులు తలనొప్పితో ఏమీ తినలేదు. మూడోరోజు ఒకాయన నా చేతిలో వేడివేడి తెల్లటి రొట్టె పెట్టి, తెలుగులో అన్నాడు.

"జర తిను తమ్మీ. గిది కడుపుల ఆగుతది."

ఆయన మా దుబాసీ హవల్దార్. సరిహద్దు సమావేశాల్లో చైనావాళ్ల మాటలు మా అధికారికి హిందీలో చెప్పేవాడు. మీరు మెట్రో మారే అమీర్‌పేటలోనే, మైత్రీవనం వెనక సందులో ఆయన ఇల్లు. నాది పంజాగుట్ట.

చైనా భాష నేర్పిన పంతులే ఆయనకు ఆ రొట్టె కూడా నేర్పాడట. మైదా, ఈస్టు, గోరువెచ్చని నీళ్లు. ఆ చలికి పిండి పొంగదు. సంచిలో కట్టి, స్లీపింగ్ బ్యాగులో పొట్టకు ఆనించుకుని పడుకునేవాడు. పొద్దున ఆరింటికి కుక్కర్లో ఆవిరి పట్టేవాడు.

"చైనావోళ్లు అన్నమే తింటరనుకున్న అన్నా," అన్నానొకసారి.

"అన్నం దక్షిణాన. ఉత్తరాన చలి, గోధుమలే ఎక్కువ. గీ రొట్టె, చేత్తోని సాగదీసిన నూడుల్స్. గరీబోళ్లు జొన్నలు, కొర్రలు సుత తిన్నరు, మన తాతల లెక్కనే." కుక్కర్ మూత బిగిస్తూ, "నౌకరి అయినంక అమీర్‌పేటల చిన్న హోటల్ పెడత. హాస్టలోళ్లకు రోజూ ఆ ఎర్ర సాస్ నూడుల్సేనా?" అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం. మైనస్ పద్దెనిమిది. ఆయన మా అందరికీ రొట్టెలు పంచుతుండగా రేడియో పలికింది.

"దుబాసీని కిందికి పంపండి. తొమ్మిదింటికి సమావేశం."

ఏడుంబావుకు బయలుదేరాడు. వెనక ఇద్దరు జవాన్లు. ఏడూ నలభైకి ఉరుమినట్టు వినబడింది. వాలు మీది మంచు మొత్తం జారింది.

"ఇద్దరం బయటపడ్డాం. హవల్దార్ కనబడట్లేదు," అని రేడియోలో ఒక జవాను.

పారలతో తవ్వాం. పదకొండున్నరకు దొరికాడు. గ్లౌజు తీసి నాడి చూసింది నేనే. లేదు.

ఏప్రిల్‌లో ఇంటికొచ్చాను. మర్నాడే పంజాగుట్ట నుంచి నడుచుకుంటూ వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య కుట్టుమిషను ముందు నుంచి లేచి మంచినీళ్లిచ్చింది.

"ఆ పొద్దు ఏమన్న తిని పోయిండా తమ్మీ?"

"తిన్నడు వదినా. ఆయన చేసిన రొట్టెలే కడుపునిండ తిన్నడు."

ఆమె తల ఊపింది. "ఇంట్ల గోధుమ రొట్టె ముట్టకపోయేటోడు," అంది.

నేను చెప్పింది అబద్ధం. "వచ్చినంక తింట" అని వెళ్లాడాయన. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం కుక్కర్ మూత తీశాను. ఒక్క రొట్టె మిగిలి ఉంది. ఇంకెవరూ తీసుకోకుండా, పచ్చిగా ఉన్నప్పుడే దాని మీద తన బొటనవేలు నొక్కిపెట్టాడు. ఆవిరికి రొట్టె పొంగింది. వేలిగుర్తు కూడా పెద్దదైంది.

ఫౌజు వదిలి నాలుగేళ్లు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ గుర్తే కనబడుతుంది. ఆ రోజు నా బొటనవేలు అందులో పెట్టి చూశాను. చుట్టూ ఇంకా ఖాళీ మిగిలింది.