చంటోడి షికార్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా పెద్ద గొంతు మా తాతయ్యదే అనుకునేవారు కొత్తగా వచ్చినవాళ్లు. కాదు, ఆయన పిట్టది. మలయ్ వాళ్లు మెర్బోక్ అంటారు, మెడ మీద చారలున్న బుల్లి పావురం. నేను పుట్టకముందే సెరంగూన్ పేటలో ఉన్న మా ఫ్లాట్‌కి వచ్చాడు కాబట్టి వరసకు నాకు అన్న కావాలి. పేరు మాత్రం చంటోడు. ముసలివాడయ్యాక కూడా చంటోడే.

ఆదివారం పొద్దున్నే తాతయ్య పంజరం పట్టుకుని బ్లాకుల వెనకున్న మైదానానికి వెళ్లేవాడు. అక్కడ పొడవాటి స్తంభాలుండేవి. జెండా ఎగరేసినట్టు పంజరాలను తాడుతో పైకి లాగి, కింద కాఫీ తాగుతూ ఎవరి పిట్ట బాగా కూస్తుందో వినడం ఆ పెద్దవాళ్ల సరదా. చైనా వాళ్లు, మలయ్ వాళ్లు, మా తాతయ్య, అందరిదీ ఒకటే పిచ్చి.

ఒక ఏడు చంటోడు కూయడం మానేశాడు. తిండీ తగ్గింది. పిట్టల కొట్టు అంకుల్ చూసి, వయసైపోయింది, ఇంక ఎక్కువ రోజులు ఉండడని చెప్పాడు. అది విన్నప్పటినుంచి నా ప్రాణం నాలో లేదు. పంజరాన్ని గాలి తగలని మూలకు చేర్చి, పగలు కూడా గుడ్డ కప్పాను. రేడియో పెట్టనివ్వలేదు, తమ్ముణ్ణి గెంతనివ్వలేదు. ఘాటు పడదని తాలింపు కూడా వద్దన్నాను. "ఇది ఇల్లా, ఆసుపత్రా? తాలింపు లేని పప్పు నువ్వే తిను!" అని మామ్మ నా మీద ఇంతెత్తున లేచింది. నేను మాత్రం పంజరం పక్కనుంచి కదల్లేదు.

ఆదివారం రాగానే తాతయ్య పంజరం అందుకున్నాడు. బయటికి తీసుకెళ్తే చచ్చిపోతాడని గుమ్మానికి అడ్డంగా నిలబడి బావురుమన్నాను. ఆయనకు కోపం రాలేదు. నా ఎదురుగా చతికిలబడ్డాడు.

"వాడింకా పోలేదే పిచ్చిమొహమా! అప్పుడే ఏడుపు మొదలెట్టేశావేంటి? పోయినప్పుడు ఏడుద్దాంలే, నీతోపాటు నేనూ ఏడుస్తాను. ఇప్పుడు మాత్రం పద, వాడికి బయట ఎండ కాస్తోంది."

వెళ్లాం. ఈసారి స్తంభం ఎక్కించకుండా పంజరాన్ని బెంచీ మీద మా ఇద్దరి మధ్య పెట్టాడు. పైన కుర్రపిట్టలు పోటీపడి కూస్తుంటే చంటోడు మెడ అటూ ఇటూ తిప్పి విన్నాడు. కాసేపటికి ఒక రెక్క పైకెత్తి ఎండకు పట్టాడు. తర్వాత రెండోది. ఎన్నాళ్లకో నా అరచేతిలో కొర్రలు పొడుచుకు తిన్నాడు. ఇంతలో ఓ మలయ్ అంకుల్ వచ్చి, "రిటైర్ ఆల్రెడీ లా!" అని, అప్పుడే రిటైరైపోయాడన్నమాట అన్నట్టు, ఆ ఊరి ఇంగ్లీషులో వాణ్ణి ఆటపట్టించాడు. మా తాతయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. మెడ ఉబ్బించి, తల ఊపుతూ, చంటోడి తరఫున తనే కూత అందుకున్నాడు. పైనున్న పిట్టలన్నీ ఠక్కున ఆగిపోయాయి. మైదానమంతా ఒకటే నవ్వు. నేనైతే కడుపు పట్టుకుని బెంచీ మీద దొర్లాను.

అటుపైన చంటోడు మాతో సముద్రపు ఒడ్డుకొచ్చాడు. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో మేం పరోటాలు తింటుంటే దర్జాగా చూశాడు. మళ్లీ కూయనేలేదు. ఆ సంగతి మాలో ఎవరికీ పట్టలేదు. అబ్బ, ఎంత బాగున్నాయో ఆ రోజులు!

ఒక వాన పొద్దున పోయాడు. ఇచ్చిన మాట ప్రకారం తాతయ్య నాతోపాటు కూర్చుని ఏడ్చాడు, నాకన్నా గట్టిగానే.

చాలా ఏళ్ల తర్వాత డాక్టర్లు తాతయ్య గురించీ అదే మాట చెప్పారు. అందరూ మంచం చుట్టూ మూగి ముక్కులు చీదుతుంటే, నేను వెళ్లి ఆయన కాళ్లకు చెప్పులు తొడిగాను. ఎక్కడికని కూడా అడగలేదు మహానుభావుడు. నా భుజం పట్టుకుని నవ్వుతూ లేచాడు. ఇప్పుడు నేనే మామ్మనయ్యాను, అయినా ముందస్తుగా ఏడవడం నాకు చేతకాదు. పిల్లికైనా మనిషికైనా కాలం దగ్గరపడిందని ఎవరన్నా చెబితే, ముందు వాళ్లను ఎండలోకి తీసుకెళ్తాను.