ఆఫీసరుకు వడ్డించిన గింజలన్నం

మా నాయనమ్మ గోవాలో పుట్టింది. ఆమె పుట్టింట్లో పోర్చుగీసు మాట, పోర్చుగీసు వంట. తాతగారిని పెళ్లాడి సికింద్రాబాదు వచ్చాక ఆమె మాట మారింది, చర్చి మారింది, చీర కట్టడం వచ్చింది. వంట మాత్రం మారలేదు. తాతగారు కంటోన్మెంటులో తెల్లదొరల మెస్సులకు సరుకులు సరఫరా చేసేవారు. కార్ఖానా పేటలో మేడ, బగ్గీ, గుర్రాలు, వంటవాళ్లు అన్నీ ఆయన సంపాదనే. దొరలు వెళ్లిపోయారు. తాతగారు పోయారు, ఆ వెనకే మా అమ్మా, నాన్నా. పోలీసు చర్య నాటికి ఆ మేడలో మిగిలింది ముగ్గురం ఆడవాళ్లం: నాయనమ్మ, భర్త పోయి పుట్టింటికి చేరిన మా మేనత్త, పెళ్లీడుకొచ్చిన నేను. ఎవరి జాలి కోసమూ ఇది రాయడం లేదు.

అత్తకు ఊపిరితిత్తుల జబ్బు. మేడమీద తూర్పు గదిలో పొద్దున్నుంచీ ఎండ పడేది. ఆమెకు ఆ గది మార్చవద్దని, చెమ్మ తగిలితే మనిషి దక్కదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. అందుకే, ఆఫీసర్ల కుటుంబాల కోసం మిలిటరీవాళ్లు ఇళ్లు తీసుకుంటున్నారని తెలిసినప్పుడు మా భయం ఒక్కటే. ఇల్లు పోతే అత్త పోతుంది. ఇళ్లు చూడటానికి వచ్చే ఆఫీసరు మంచివాడని, లేనివాళ్ల జోలికీ జబ్బు మనుషుల జోలికీ వెళ్లడం లేదని కూడా బజారులో అనుకుంటున్నారు.

రేపు మధ్యాహ్నం వస్తారని ఒక జవాను చెప్పి వెళ్లాడు.

"అన్నం యాళ్లకు వస్తున్నడు. అన్నం పెట్టాలె," అంది నాయనమ్మ.

"అన్నమెందుకమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు. నేను జెర దగ్గుత, నువ్వు జెర ఏడువు. దండం పెట్టి పోతడు," అంది అత్త.

"ఏడ్సుడు నాకు రాదు."

"నేర్పిస్త రా. నా బతుకంత అదే పని గద."

నాయనమ్మ నవ్వలేదు. డబ్బా దింపి ఎర్ర రాజ్మా గింజలు నానబోసింది. సంస్థానం సరిహద్దుల్లో సరుకు ఆగిపోకముందు గోవా నుంచి వచ్చిన ఆఖరి గింజలవి. పాతబడి రాళ్లలా ఉన్నాయి.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. అతిథి ఇక చాలన్నాక కూడా గిన్నెలో సగం నిండుగా కనపడాలి. గిన్నె అడుగు అతిథి కంట పడకూడదు. అతిథి ముందు పెట్టిన అన్నం తిరిగి వంటింట్లోకి రాకూడదు. మిగిలింది బయట ఉన్నవాళ్లకు పెట్టాలి. నౌకర్లు నిండుగా ఉన్న రోజుల్లో పుట్టిన నియమం అది. మర్నాడు నాయనమ్మ బియ్యం కొలుస్తుంటే అత్త మెట్ల మీద నుంచే చూసింది. రేషను బియ్యం మొత్తం పళ్లెంలోకి వచ్చేసింది.

"అడుగున ఓ గిన్నె బోర్లిద్దామమ్మా. పైకి నిండుగ కనిపిస్తది."

"మనింట్ల మోసం లేదు. నువ్వు పోయి పండుకో. ఆయన తినేటప్పుడు దగ్గకు."

నేను కుంపటి దగ్గర కూర్చున్నాను. గింజలు ఉడికే నీళ్లలో ముందే ఉప్పు వేస్తే తొక్క గట్టిపడుతుందని నాయనమ్మ వేయనిచ్చేది కాదు. అవి మెత్తబడేసరికి పొద్దెక్కింది. ఆలివ్ నూనె ఏనాడో అయిపోయింది. పల్లీ నూనెలోనే ఉల్లిపాయలు, వెల్లుల్లి సన్నని సెగ మీద మగ్గించాం. బిర్యానీ ఆకు, రెండు టమాటాలు వేశాం. అందులో బియ్యం వేయించి, గింజలు ఉడికిన ఎర్రటి నీళ్లే ఎసరుగా పోశాం. ఈ అన్నం పొడిపొడిగా ఉండకూడదు. పళ్లెంలో వడ్డిస్తే నెమ్మదిగా పక్కకు జారాలి. ఆలస్యమైతే మెతుకు రసమంతా తాగేసి బిగుసుకుపోతుంది. అందుకే జీపు చప్పుడు వినిపించాకే బియ్యం పోయనిచ్చింది. వంటిల్లంతా కమ్మటి వాసన. నా కడుపు కాలుతోంది.

ఆఫీసరు పంజాబీ. నడివయసు మనిషి. కింది గదులు చూసి మేడ ఎక్కకముందే నాయనమ్మ ఆయన్ను భోజనానికి కూర్చోబెట్టింది. మూత తీయగానే ఆయన ముఖం మారిపోయింది. ఎర్ర గింజలూ అన్నమూ తన తల్లి కూడా చేసేదని, దేశం చీలాక ఆ ఇల్లు సరిహద్దుకు అవతల ఉండిపోయిందని హిందుస్తానీలో చెప్పాడు. రెండోసారి వడ్డించమన్నాడు. మూడోసారి కూడా. నాయనమ్మ గరిటె పట్టుకుని వెన్ను వంచకుండా నిలబడింది. నేను గిన్నె వంకే చూస్తున్నాను. ఇంకా సగం ఉంది.

మేడమీద చప్పుడు లేదు. అత్త నోట్లో గుడ్డ కుక్కుకుని ఉందని ఆ తర్వాత తెలిసింది.

ఆయన చేయి కడుక్కున్నాడు. తర్వాత నేల చూపులు చూస్తూ అడిగాడు.

"అమ్మాజీ, ఈ ఇల్లు తీసుకుంటే మీకేమైనా ఇబ్బంది, తక్లీఫ్ అవుతుందా? ఉంటే చెప్పండి. ఇంకో ఇల్లు చూసుకుంటాను."

ఆయన ఔననిపించుకోవడానికే అడిగాడు. అది నాకే అర్థమైనప్పుడు నాయనమ్మకు కాకుండా ఎలా ఉంటుంది? ఒక్క మాట చెబితే చాలు. మేడమీదికి వేలు చూపించినా చాలు.

"తక్లీఫా? మాకా?" అంది నాయనమ్మ. "అడిగి తీసుకుంటున్నరు. అడిగినోళ్లకు లేదన్న ఇల్లు కాదిది."

ఆయన తల ఊపాడు. సగం నిండుగానే ఉన్న గిన్నె వైపు, గోడల మీది తాతగారి పటాల వైపు ఒకసారి చూశాడు. దేవుడి దయవల్ల మీకు లోటు లేదు, మరో చోటు దొరకడం కష్టం కాదు అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడని ఇప్పటికీ నమ్ముతాను. మిగిలిన అన్నాన్ని నాయనమ్మ జీపు దగ్గరున్న జవాన్లకు పంపించింది. వాళ్లు గిన్నె ఊడ్చి ఇచ్చారు. ఆ పూట మేం ముగ్గురం మంచినీళ్లు తాగాం.

యాప్రాల్ వైపు ఒక పెంకుటింట్లో రెండు గదులు దొరికాయి. నేల పచ్చి మట్టి. గోడలకు మోకాలెత్తున ఎప్పుడూ తడి. ఎండ వాకిట్లోకి వచ్చి అక్కడే ఆగిపోయేది. నాయనమ్మ అత్త మంచం కింద ఇటుకలు పెట్టించింది, కుంపటి దగ్గరకు జరిపించింది, తన రగ్గు కూడా ఆమెకే కప్పింది. ఇంటి గురించి తల్లీకూతుళ్లు ఒక్క మాటా అనుకోలేదు. ఆ పంతం మా రక్తంలోనే ఉంది.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం అత్త నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

"ఆ దినం గింజలన్నం ఎట్లుండెనే? వాసన సుత మీదికి రాలే. తలుపు మూసుకుంటి గద."

నేనూ తినలేదని ఆమెకు గుర్తు లేదు.

"ఉప్పు తక్కువైంది అత్తా. అంత బాగా కుదరలేదు."

"గట్లనా?" అని నవ్వబోయి దగ్గింది. "మరి ఆ పంజాబాయన మూడుసార్లు ఎట్ల తిన్నడే పాపం!"

పంటలు ఇళ్లకు చేరేలోపే అత్త పోయింది. ఒక్క మాటకు ఇల్లు పోగొట్టుకుందని, కూతుర్ని పోగొట్టుకుందని చుట్టాలు నాయనమ్మను ఈ రోజుకూ అంటారు. వాళ్లలో ఎవరి ఇంట్లోనూ అతిథి కోసం గిన్నె నిండుగా పెట్టడం నేను చూడలేదు. అత్త గొయ్యి పూడ్చేటప్పుడు నాయనమ్మ చేతికర్ర పక్కన పెట్టి నిటారుగా నిలబడింది. పట్టుకుంటే ఒప్పుకోదు. ఆమె పక్కనే, తగలకుండా, నేనూ అలాగే నిలబడ్డాను.