గౌరీశ్వరి తాలూకు

పొద్దున్నే దుకాణం షట్టరు ఎత్తకముందు గౌరీశ్వరి తన సైకిలు టైర్లను బొటనవేలితో నొక్కి చూస్తుంది. గాలి తగ్గినా తగ్గకపోయినా పంపు తీస్తుంది. పంపు కిందికి దిగిన ప్రతిసారీ పళ్ళ మధ్య నుంచి ఒకే పేరు వస్తుంది. "విష్ణువర్ధన్." టైరు రాయిలా గట్టిపడితేగానీ ఆపదు.

ఒడిశా కొండల్లోని టికిరి బజారులో ఆమెది బట్టలు కుట్టే దుకాణం. తండ్రి సూర్యారావు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి ఇక్కడే రిటైరయ్యాడు. విజయనగరం వైపు నుంచి ఆయనతోపాటు రైల్వేలో చేరినవాళ్ళూ, వాళ్ళ తమ్ముళ్ళూ, అల్లుళ్ళూ రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్, ఇంకా అవతల భుసావల్ దాకా క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఫోన్లు చేస్తూ, పెళ్ళిళ్ళకు వెళ్ళివస్తూ ఆ చుట్టరికాలన్నీ నిలబెట్టింది గౌరీశ్వరే.

టికిరి నుంచి ద్వారక దాకా సైకిలు తొక్కాలన్నది ఆమె కోరిక. ఈ కొండల్లో బయలుదేరి పడమటి సముద్రంలో కాళ్ళు తడుపుకోవాలి. ఆదివారాలు ఆమెతో కలిసి సైకిళ్ళు తొక్కే జట్టుకు పెద్ద విష్ణువర్ధన్, లారీల కాంట్రాక్టరు. ఆమె ఈ మాట చెప్పగానే అందరం కలిసే వెళ్దామన్నాడు. ఏడాది పొడుగునా దారి వేసింది ఆమే. ఎక్కడ కొండ ఎక్కాలో, ఎక్కడ నీళ్ళు దొరకవో కనుక్కుంది. ప్రతి మజిలీ ఒక చుట్టాల ఇల్లే. లాడ్జి అన్న మాట ఎత్తనివ్వలేదు. జట్టుకు వీపు మీద పేర్లతో చొక్కాలు కూడా కుట్టింది.

బయలుదేరే ముందురోజు విష్ణువర్ధన్ దుకాణానికి వచ్చాడు.

"గౌరమ్మీ, మా బావమరిది బాలాదిత్య వస్తానంటన్నాడు. ఘాట్‌రోడ్డు మీద ఆడమనిషిని కనిపెట్టుకుని ఎవులుంటారు సెప్పు? నువ్విక్కడుండి ఫోన్లు సూసుకో."

"దారి ఏసింది నాను."

"అందుకే కదా, నీ పని అయిపోయింది. ఈ సొక్కా మీద నీ పేరిప్పేసి ఆడి పేరు కుట్టీ. పొద్దున్న పట్టుకెల్తాను."

ఆమె చొక్కా అందుకుంది. బ్లేడుతో తన పేరు ఒక్కో అక్షరమే విప్పింది. అక్కడ బాలాదిత్య అని కుట్టింది. వంక పెట్టడానికి లేకుండా కుట్టింది. దారం తెంపి, రాయగడలో ఉన్న మేనత్త జగదాంబకు ఫోను చేసింది.

"అత్తా, రేపొస్తారు. అన్నం బాగా ఎట్టు. గేటు తీసీముందు మాత్రం అడగాల్సింది అడుగు."

"అడక్కుండా ఎవుల్నైనా నోపలికి రానిచ్చేనేటే నాను?"

ఈ కుటుంబాల్లో గుమ్మం ముందు కొత్తమనిషి నిలబడితే పేరు తర్వాత అడుగుతారు. ముందు అడిగేది "ఎవరి తాలూకు?" అని. పరాయి ఊళ్ళలో బతికేవాళ్ళకు అదే భరోసా. విష్ణువర్ధన్‌కు అది తెలియక కాదు. దారి ఫోనులో ఉంటే చాలనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం జట్టంతా చెమటలు కక్కుతూ జగదాంబ గేటు ముందు దిగింది.

"ఎవరి తాలూకు బాబూ?"

"టికిరి సైకిలు జట్టండి."

"జట్టు కాదు నాయనా, మనిషి పేరు సెప్పు."

విష్ణువర్ధన్ గొంతు సవరించుకున్నాడు. "గౌరీశ్వరి తాలూకండి."

"మరి మా గౌరేదీ?"

"కాలు బెణికిందండి, పాపం."

జగదాంబ అక్కడే ఫోను చేసి స్పీకరు పెట్టింది. "ఏమ్మీ, నీ కాలికేటయ్యింది?"

"నా కాలికేటవుద్దత్తా? మిషను తొక్కుతున్నాను, సప్పుడినపడ్డం లేదేటి?"

జగదాంబ నెయ్యి వేసి మరీ వడ్డించింది. అందరూ తల ఎత్తకుండా తిన్నారు.

ఆ అబద్ధం వాళ్ళ సైకిళ్ళకంటే ముందు వెళ్ళింది. టిట్లాగఢ్‌లో గేటు పట్టుకుని నవ్వుతూ అడిగారు, "గౌరి కాలు ఎలాగుందండీ?" రాయ్‌పూర్‌లో సూర్యారావు పాత స్నేహితుడు ఎర్రయ్య గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. "మా అమ్మి పేరిప్పించి తొడుక్కున్నోడెవుడో ముందుకొచ్చి సెప్పాల, ఎవరి తాలూకో." గౌరీశ్వరి తాలూకని బాలాదిత్య చెప్పాడు. తెల్లారి రైలెక్కేశాడు.

ఆ పూటే విష్ణువర్ధన్ ఫోను చేశాడు. "ఇంక ఆపించమ్మీ. ఊరూరా పరువు తీస్తన్నావు."

"నానేటి తీసేను? పూటపూటకీ అన్నం ఎట్టిస్తన్నాను."

"లాడ్జీల్లో దిగుతాను, సూడు!"

"దిగు. దారి మాత్రం నాదే."

జట్టు నాగ్‌పూర్ దాటలేదు. గేటు గేటుకీ ఆ ప్రశ్న పడలేక మిగిలినవాళ్ళు ఇంటికి పోదామని పట్టుబట్టారు. అందరూ సైకిళ్ళను రైల్లో వేసుకుని తిరిగి వచ్చారు. ఆ రోజు గౌరీశ్వరి దుకాణం మూసి స్టేషనుకు వెళ్ళింది. విష్ణువర్ధన్ దిగగానే ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళంతా వినేలా అడిగింది.

"ఎవరి తాలూకు బాబూ?"

అతడు తల దించుకుని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి టీకొట్టులో, కూరల సంతలో, పెట్రోలు బంకులో అదే ప్రశ్న. కొన్నాళ్ళకు అతడి భార్య శ్వేత ఆ చొక్కా పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"ఒదిలీ గౌరీ. ఆయన బజారుకెళ్ళడమే మానీసేరు."

"సొక్కా అక్కడెట్టి ఎల్లు వదినా."

బాలాదిత్య పేరు విప్పి ఆమె మళ్ళీ తన పేరు కుట్టుకుంది. రెండుసార్లు విప్పిన గుడ్డ కదా, సూది రంధ్రాలు కనిపిస్తాయి. వాటిని కప్పలేదు. కార్తీకం వెళ్ళాక ఒక్కతే బయలుదేరుతుంది. అవే ఇళ్ళు, అదే దారి. జగదాంబ ఇప్పటినుంచే సున్నుండలకు మినుములు ఎంచుతోంది.

విష్ణువర్ధన్ ఇంటి బట్టలు గౌరీశ్వరి ఇప్పటికీ కుట్టదు.