పాలపళ్ళే కదా అనుకున్నాం

మా పెద్దపిల్లకు నాలుగో ఏడు వచ్చేసరికి పైవరుస ముందరి పళ్ళన్నీ నల్లబడి, అరిగిపోయి, చిగుళ్ళ దగ్గర మొద్దుల్లా మిగిలాయి. అది నవ్వితే వీధిలో వాళ్ళందరికీ నవ్వు. "ఏమ్మే, నీ కూతురు అవ్వ మాదిరి నవ్వుతాండాది!" అని పక్కింటామె అంటే నేనూ పగలబడి నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ పళ్ళు అట్లా కావడానికి కారణం నేనే. కోసిగి పక్కన మాది వాన మీద ఆధారపడిన చేను. వేరుశనగ పెరికే రోజుల్లో ఆడామగా అందరం చేలోనే ఉండాలి. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మా అత్త ఊరుకునే మనిషి కాదు. అందుకని పాత చీర పీలికలో బెల్లం పెట్టి, ముడి వేసి, తడిపి దాని నోటికిచ్చి బండి కింద నీడలో పడుకోబెట్టేదాన్ని. ఊళ్ళో తల్లులందరూ చేసే పనే. చంటిపిల్లప్పుడు మొదలైంది, నడక వచ్చినా ఆ గుడ్డ మానలేదు. బెల్లం కరిగిపోతే వచ్చి "మా, ఇంగొంచెం" అని చెయ్యి చాపేది. పెట్టేదాన్ని. అది నోరు మూసుకుని ఉంటే నా పని సాగేది మరి.

పళ్ళు తోమడమా? మేమంతా పొద్దున్నే వేపపుల్ల నమిలేవాళ్ళం కానీ, పిల్లల నోట్లో మాత్రం పుల్ల పెట్టనిచ్చేది కాదు మా అత్త. "పాలపండ్లే గదా, ఎట్లాగూ ఊడిపోయేటివే. వాటికేమి తోమేది, చిగుర్లు పుండ్లయితాయి" అనేది. నాకూ సబబుగానే తోచింది. ఊడిపోయేదాని కోసం ఎవరు పాటుపడతారు!

కర్నూలు రాజధాని అయిందని మగవాళ్ళు అరుగుల మీద ఒకటే చెప్పుకుంటున్న రోజులు. ఒక పొద్దున పిల్ల అన్నం ముట్టలేదు. లోపలి దవడపన్ను పుచ్చి ఎడమ చెంప ఉబ్బింది. పంటికింద లవంగం పెట్టాం, ఉప్పునీళ్ళు పుక్కిలించమంటే మింగేసింది. అప్పుడే పళ్ళలో పురుగులు తీసే ఆమె ఊళ్ళోకి వచ్చింది. నిప్పుల మీద వాకుడు గింజలు వేసి, గొట్టంతో ఆ పొగ పిల్ల నోట్లోకి పట్టి, కింద నీళ్ళగిన్నె పెట్టింది. కాసేపటికి గిన్నెలో సన్నగా, తెల్లగా ఏవో తేలాయి. "సూడమ్మా, ఎన్ని పురుగులుండాయో!" అంది. నేను చేతులెత్తి దండం పెట్టాను. కాలిన గింజ పగిలితే దాని లోపలి మొలక అట్లా తేలుతుందని చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. ఎంత వెర్రిదాన్ని!

మూడో రోజుకు వాపు కంటి దాకా పాకింది. ఒళ్ళు కాలిపోతోంది. మా ఇంటాయన పిల్లను భుజాన వేసుకున్నాడు. రైలెక్కి ఆదోని ఆసుపత్రికి పోయాం. దారంతా అది మూలుగుతూనే ఉంది. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, ఒక్కరి పేరూ వదలలేదు.

డాక్టరు నోరు తెరిపించి చూసి ముఖం చిట్లించాడు.

"ఏం పెడతారమ్మా ఈ బిడ్డకు?"

"ఏమీ లేదు సామీ, మేం తినే సంగటే" అన్నాను. ప్రాణం మీదికొచ్చినా బెల్లం మాట నోటికి రాలేదు, చూడండి.

"చీము దవడలోకి దిగింది. ఇప్పుడే పీకకపోతే బిడ్డ దక్కదు. ముందరివి కూడా తీసేయాలి."

చిగురుకు సూది వేశారు. చీము పట్టినచోట ఆ మందు సరిగా పనిచేయదట. ఒకసారి సూది నొప్పి చూసిందేమో, ఇక పిల్ల పెదవులు బిగించేసింది. కాంపౌండరు బతిమాలాడు, గదమాయించాడు. వాళ్ళ నాన్న బుగ్గలు నొక్కాడు. ఊహూఁ. "బలవంతం చేస్తే పటకారు ఎక్కడో తగులుతుంది. తల్లివి కదా, నువ్వే ఎట్లాగైనా తెరిపించు" అన్నాడు డాక్టరు నాతో.

తెరిపించకపోతే బిడ్డ పోతుంది. తెరిపిస్తే, ఆ ఇనుము ఎదురుగా కనిపిస్తూనే ఉంది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఇంట్లో ముద్ద కలిపి పెట్టేటప్పుడు చేసినట్టే వేళ్ళు కూడదీసి దాని నోటి దగ్గరికి తెచ్చాను.

"ఆ అను నా బంగారూ. బెల్లం పెడతా. ఆ..."

నా ముఖంలోకి చూసింది. ఆ అంది. నోరంతా తెరిచింది.

ఆ తర్వాత దాని తలను నా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ముందరి మొద్దులు, దవడపన్ను అన్నీ వచ్చేదాకా వదల్లేదు. అది కేకలు పెట్టినంతసేపూ నా వైపే చూసింది. డాక్టరు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బతికింది. వాపు దిగింది, జ్వరం తగ్గింది. ఊరు చేరగానే మా అత్త కళ్ళొత్తుకుంటూ పిల్లను ఎత్తుకుంది. ఆమె మెత్తగా పిసికిన అన్నం పెడితే గబగబా తింది. వాళ్ళ నాన్న పెట్టినా తింది. పక్కింటామె పాలు తాగిస్తే తాగింది.

మర్నాడు నేను గిన్నెలో పాలన్నం కలిపి దాని ముందు కూర్చున్నాను. ముద్ద చేసి చెయ్యి ఎత్తగానే పెదవులు రెండూ లోపలికి మడుచుకుంది. "తిను తల్లీ, ఈడ ఎవరూ లేరు" అన్నాను. నా వెనక్కి తొంగి చూసింది. గుమ్మం వైపు చూసింది. తర్వాత గిన్నెను నా చేతిలోంచి మెల్లగా తన దగ్గరికి లాక్కుంది.

"నేనే తింటా. నువ్వు ఆ అనొద్దు మా" అంది.

సరేనన్నాను.