జంట చిలకల పళ్లెం

మా నాయనమ్మ కృష్ణా జిల్లాలోని పుట్టింటి నుంచి దమ్మపేటకు తెచ్చుకున్న వెండి తాంబూలం పళ్లెం ఒకటి మా ఇంట్లో ఉండేది. అంచు చుట్టూ మామిడి పిందెలు, మధ్యలో తామరపువ్వు మీద ముక్కులు ఆనించుకున్న రెండు చిలకలు. పిందెలంటే పిల్లాపాపలు, తామరంటే లక్ష్మి, చిలకలంటే ఆలుమగలు అని ఇంటికొచ్చిన ప్రతి కొత్త కోడలికీ ఆమె వేలు పెట్టి చూపించి చెప్పేది.

ఆ పళ్లెం తోమేది మాత్రం మా మేనత్త. పెళ్లయిన మరుసటేడే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. నన్ను పెంచింది ఆమే. పళ్లేన్ని చింతపండుతో రుద్ది, చిలకల రెక్కల గీతల్లో ఇరుక్కున్న నలుపును గుడ్డ కొసతో తీసేది. శుభకార్యం మొదలయ్యాక మాత్రం దాని దరిదాపుల్లోకి రాకూడదు. జంట చిలకల మీద విధవ నీడ పడకూడదట. తోమేటప్పుడు పడిన నీడ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

ఎనభైల్లో, నా నిశ్చితార్థం రోజున, అత్త పొద్దున్నే పళ్లెం తళతళలాడేలా తోమిపెట్టి వంటింటి తలుపు వెనక్కి వెళ్లి నిలబడింది. ముందుగదిలో నాయనమ్మ ముత్తయిదువలకు తాంబూలాలిస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. నాయనమ్మ చేతిలోంచి పళ్లెం లాక్కుని నేరుగా అత్త దగ్గరికి వెళ్లాను.

"వద్దు బిడ్డా, నీ మంచిరోజు పాడుచేసుకోకు," అంది.

"నువ్వు తీసుకుంటేనే నేను బయటికి పోత."

అత్త రెండు ఆకులు, వక్క తీసుకుంది.  ముందుగదిలో ఉన్న మగపెళ్లివారు ఏమీ అనలేదు.

అన్నది మావాళ్లే. మైలపడిన వస్తువు ఇంట్లో ఉండకూడదని నాయనమ్మ పట్టుబట్టింది. వారం తిరక్కుండా నాన్న పళ్లేన్ని ఖమ్మం తీసుకెళ్లి, కరిగించి, నున్నటి గ్లాసులు చేయించుకొచ్చాడు.

అత్త ఒక గ్లాసును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నాన్నను అడిగింది: "నేను ముట్టుకున్ననని దాన్ని కరగబెట్టినవ్. మరి నన్నేం చేస్తవ్ తమ్ముడూ?"

నాన్న పేపర్లోంచి తలెత్తలేదు. అందుకు ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం తరఫున మాకు మణుగూరులో క్వార్టర్ వచ్చింది. అత్తను తీసుకెళ్తానంటే మా ఆయన సరేనన్నాడు, నాన్న మాత్రం ఊళ్లో పరువు పోతుందన్నాడు. సొంత అక్కను ఇన్నేళ్లు తలుపు చాటున నిలబెట్టినప్పుడు పోని పరువు ఇప్పుడెట్లా పోతుందని అడిగాను.  అత్త ట్రంకుపెట్టె పట్టుకుని నాతో బస్సెక్కింది.

క్వార్టర్లో చేరిన రోజు పాలు పొంగించింది ఆమే. నాన్న రాలేదు. రమ్మని నేనూ పిలవలేదు.