మునిలక్ష్మమ్మ ఇంటి మంచినీళ్లు

పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు వత్తి వేసుకుని, మునిలక్ష్మమ్మ మేడమీదికి కేక వేసేది.

"డాక్టరప్పా, ఈ పొద్దు ఎవురి కోసరం దీపం?"

మేడమీద గదిలో అద్దెకుండే జుమా టాంజానియా దేశస్థుడు. కోలారులోని ఒక మెడికల్ కాలేజీలో క్రిటికల్ కేర్ పై చదువుకు వచ్చాడు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లను ఐసీయూలో కనిపెట్టుకుని ఉండే చదువది. మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, "మూడో మంచం అమ్మా. నంగలి ఊరి టమోటా రైతు" అనేవాడు. ముఖమైనా చూడని ఆ మనిషి కోసం ఆమె దీపం వెలిగించేది.

అతనికి వచ్చిన తెలుగంతా ఆమె పెట్టిన భిక్షే. "తిన్నావా అంటే తిన్నానంటావు. ఏం తిన్నావంటే కాఫీ అంటావు. మీ ఊర్లో కాఫీ తింటారా అప్పా?" అని ఆటపట్టిస్తూనే రాగిముద్ద, పులుసు ముందు పెట్టేది.

ఆమె బంగారు గనుల మనిషి. ఆంధ్ర పల్లెల నుంచి కేజీఎఫ్‌కు వచ్చిన కుటుంబం. అక్కడి కార్మికుల ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. గనిలో ప్రమాదం జరిగితే, చావు కబురు తెచ్చినవాడు ఆ ఇంట నీళ్లు ముట్టడు. తాగాడంటే మనిషి బతికి ఉన్నట్టే. మునిలక్ష్మమ్మ భర్త పోయిననాడు, గని నుంచి వాకిట్లోకి వచ్చిన తోటి కార్మికుడు సొన్నప్పకు ఆమే నీళ్ల చెంబు అందించింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు.

గనులు మూతపడ్డాయి. ఆమె కోలారు చేరింది. చాలా ఏళ్లకు, గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన ఆమె తమ్ముడు దాసప్ప జుమా పనిచేసే ఐసీయూకే వచ్చాడు. వెంటిలేటర్ పెట్టారు. ఒకరోజు పొద్దున, గొంతులోని గొట్టం తీసి, సొంతంగా ఊపిరి తీసుకుంటాడేమో చూస్తామన్నారు. ఐసీయూ వాకిట్లోనే పడి ఉన్న ఆమెను, "స్నానం చేసి, ఒక ముద్ద తినిరా అమ్మా" అని జుమానే ఇంటికి పంపించాడు. ఇంటికొచ్చి, తమ్ముడి కోసం దీపం పెట్టి కూర్చుంది.

మధ్యాహ్నం ఎండలో జుమా పరుగులాంటి నడకతో వచ్చాడు. రొప్పుతున్నాడు. ఆమె ముందుగా నీళ్ల చెంబు అందించింది.

"వద్దమ్మా" అన్నాడు.

చెంబు చేజారింది. ఆమె గడప మీదే కూలబడింది. "పోయినాడా నా తమ్ముడు!"

"ఎవురు? దాసప్పా? గొట్టం తీసినాము. సొంతంగా ఊపిరి తీసుకుంటా ఉండాడు! మా అక్క యాడ అని గొంతు బొంగురుగా అడిగినాడు."

"అయితే నీళ్లెందుకు వద్దంటివి రా?"

అతను తల దించుకున్నాడు. "ఈ పొద్దు ఉపవాసం అమ్మా. దాసప్ప కోసరం. పొద్దు గూకే దాకా నీళ్లు కూడా తాగకూడదు. నువ్వు దీపం పెడతావు కదా, నేనూ ఏదో ఒకటి..."

ఏ దేవుడు ఎవరి మాట విన్నాడో మనకెందుకు! ఆమె అతని తల నిమిరి, కన్నీళ్ల మధ్యే గనుల నాటి ఆచారం చెప్పింది. జుమాకు ఒక్కొక్కరూ గుర్తొచ్చారు. ఐసీయూ బయట కాచుకుని ఉండే గనులవాళ్లు ఎందరో అతనికి నీళ్లు ఇచ్చేవారు. తొందరలో ఎన్నోసార్లు వద్దని వెళ్లిపోయాడు.

తమ్ముడి దగ్గరికి బయలుదేరుతూ మునిలక్ష్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"నాకొగ సాయం చెయ్యప్పా. నీ ఉపవాసం నువ్వు మానొద్దు. మావాళ్లెవురైనా నీళ్లిస్తే మాత్రం, ముందర 'ఉండాడు' అని ఒగ మాట చెప్పెయ్యి. ఆ తరవాత వద్దను."